పడ్డాక రెండు రోజులు: చిన్న కుక్కల తల దెబ్బల మీద అపోహలు, వాస్తవాలు

తల దెబ్బతో నా దగ్గరికి వచ్చే చిన్న కుక్కల్లో ఎక్కువ శాతం స్కూటీ మీంచి పడినవే. కాళ్ల దగ్గర నిలబెట్టుకుని తీసుకెళ్తారు, స్పీడ్ బ్రేకర్ వస్తుంది, అంతే. తర్వాత కోతులు తరిమితే పిట్టగోడ దూకినవి, పిల్లల చేతుల్లోంచి జారినవి, తలుపు సందులో పడ్డవి, వీధి కుక్క నోట పట్టి విదిలించినవి. మనకి నడుమెత్తు పడటం అంటే పెద్ద విషయం కాదు. మూడు కిలోల పొమేరియన్‌కి అది మేడ మీంచి పడ్డట్టే. చివావాల్లో అయితే చాలావాటికి నడినెత్తిన మాడు పెద్దయ్యాక కూడా పూడదు, పసిపిల్లల మాడులాగే వేలికి మెత్తగా తగులుతుంది.

ముందుగా ఒక్క మాట. పడిన క్షణంలో మెదడుకి జరిగిన నష్టాన్ని నేను సరిచేయలేను, ఏ డాక్టరూ చేయలేరు. మేము చికిత్స చేసేది ఆ తర్వాత మొదలయ్యేదానికి: వాపు, లోపల రక్తం చేరడం, బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, ఫిట్స్. పుర్రె గట్టి డబ్బా లాంటిది. లోపల వాస్తే జరగడానికి చోటుండదు. అందుకే మొదటి 48 గంటలు అంత కీలకం. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఆ 48 గంటల్లో ప్రేమతో చేసే పొరపాట్లే.

"లేచి నడిచింది కదా, ఏం కాలేదు"

ఇది అన్నిటికంటే ఎక్కువ వింటాను. పడగానే కాసేపు బిత్తరపోయి, లేచి, తోక ఊపి, ఇంటికొచ్చిన కుక్క రాత్రి పదింటికి వాంతి చేసుకుని ఒక పక్కకి ఒరిగిపోవచ్చు. వాపు నిదానంగా వస్తుంది.

అన్నిటికంటే మోసం చేసేది "ప్రశాంతంగా పడుకుంది డాక్టర్ గారూ" అన్న మాట. లోపల ఒత్తిడి బాగా పెరిగినప్పుడు బీపీ పెరిగి, గుండె వేగం తగ్గుతుంది. దెబ్బ తగిలి, భయపడిన చిన్న కుక్క గుండె దడదడా కొట్టుకోవాలి. అది నెమ్మదించి, పిలిస్తే కూడా పట్టించుకోకుండా పడి ఉందంటే దాన్ని నిద్ర అనుకోకండి.

ఇంట్లో చూడదగ్గవి నాలుగైదు ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే చెవి కదుపుతోందా? రెండు కనుపాపలూ ఒకే సైజులో ఉన్నాయా? సెల్ ఫోన్ టార్చి వేస్తే ముడుచుకుంటున్నాయా? చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయా? ముక్కులోంచి, చెవిలోంచి రక్తంగానీ నీళ్లలాంటిదిగానీ కారుతోందా? కారుతుంటే దూది కుక్కకండి, కారనివ్వండి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా రాత్రీ పగలూ చూడకుండా బయల్దేరండి. అన్నీ బాగున్నా పడింది గట్టిగానే అయితే ఒకసారి చూపించడమే మంచిది.

"ఎత్తుకుని గుండెకి హత్తుకుని తీసుకొచ్చాం"

అర్థం చేసుకోగలను. కానీ తల దెబ్బతో పాటు మెడ ఎముకకి కూడా దెబ్బ తగిలి ఉండొచ్చు. పీట, పెద్ద ట్రే, అట్టపెట్టె, ఏది దొరికితే అది తీసుకుని తువ్వాలు పరిచి, తలా మెడా నడుమూ ఒకే వరసలో ఉండేలా ఒక్కసారిగా జరిపి పడుకోబెట్టండి. మెడ బెల్టు తీసేయండి. మెడలోని సిరలు నొక్కుకుంటే తలలోంచి రక్తం కిందికి దిగదు, లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తల కొంచెం ఎత్తులో ఉండాలంటాం, 15 నుంచి 30 డిగ్రీలు. దానికి మెడ కింద దిండు పెట్టేస్తారు. అలా పెడితే మెడ మడతపడి మళ్లీ అదే సమస్య. పీటకే తల వైపు కింద పుస్తకాలు పెట్టి మొత్తం ఏటవాలుగా చేయండి.

ఇంకో సంగతి. నొప్పితో, అయోమయంతో ఉన్న కుక్క ఎంత ముద్దుగా పెంచుకున్నదైనా కరుస్తుంది. కరిచి గాయమైతే సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, మీరు కూడా ఆసుపత్రికి వెళ్లాలి. మన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

"నోట్లో నాలుగు చుక్కలు పాలు పోస్తే తేరుకుంటుంది"

మింగే శక్తి సరిగా లేని కుక్క నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మెదడు తేరుకుంటున్న కుక్క మూడో రోజున న్యుమోనియాతో పోవడం చూశాను. మొహం మీద నీళ్లు కొట్టడం, రక్తం కారుతున్నచోట కాఫీ పొడి, పసుపు అద్దడం కూడా వద్దు. శుభ్రమైన గుడ్డతో మెత్తగా అదిమి పట్టుకోండి. నొక్కితే ఎముక కదిలినట్టు అనిపిస్తే మాత్రం ఊరికే కప్పి ఉంచండి.

పగ్గులు, షిట్జులు పడినప్పుడు కనుగుడ్డు బయటికి వచ్చేస్తుంది ఒక్కోసారి. లోపలికి తోయకండి. సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పి తీసుకురండి, ఆరిపోనివ్వకపోతే చాలు.

"ఫిట్స్ వస్తే తాళాల గుత్తి, ఉల్లిపాయ"

నవ్వకండి, పోయిన నెల కూడా పాదాల మధ్య తాళాల గుత్తి ఇరికించి తీసుకొచ్చారు. తాళాలు ఫిట్స్ ఆపవు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, అప్పటికి చేతిలో తాళాలుంటాయి కాబట్టి పేరు వాటికొస్తుంది. ఉల్లిపాయ సంగతి వేరు. కుక్క కడుపులోకి వెళ్తే అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. నోటి దగ్గరికే తేవద్దు.

చేయాల్సింది తక్కువ. చుట్టూ ఉన్న కుర్చీలు, బల్లలు జరపండి, నోట్లో వేలు పెట్టకండి, గడియారం చూడండి, వీలైతే వీడియో తీయండి. మీరు చెప్పే వర్ణన కంటే ఆ అర నిమిషం వీడియో నాకు ఎక్కువ పనికొస్తుంది. అయిదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా వెంటనే ఆసుపత్రి.

"నిద్రపోనిస్తే కోమాలోకి పోతుంది"

నిద్ర వల్ల కోమా రాదు. లేపితే లేచే కుక్కని పడుకోనివ్వండి. మొదటి రాత్రి రెండేసి గంటలకోసారి లేపి చూడండి, కళ్లు తెరిచి మిమ్మల్ని గుర్తుపడితే చాలు. రాత్రంతా చప్పట్లు కొట్టి, టీవీ పెట్టి మేలుకోబెట్టిన ఇంటివాళ్లని చూశాను. తెల్లారేసరికి కుక్కకంటే వాళ్లకే ముందు సెలైన్ పెట్టాలనిపించింది.

"మనం వేసుకునే నొప్పి మాత్రలో పావు ముక్క"

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్: ఈ మూడూ చిన్న కుక్కలో కడుపు పుండ్లు, కిడ్నీ దెబ్బ తెస్తాయి. పారాసిటమాల్ కూడా మీ లెక్కతో వద్దు. 60 కిలోల మనిషి మాత్రలో పావు భాగం అంటే, మూడు కిలోల కుక్కకి దాని బరువు ప్రకారం మనిషి మోతాదుకి అయిదు రెట్లు. రాబందులు చచ్చిపోతున్నాయని మన దేశంలో పశువుల డైక్లోఫెనాక్‌ని 2006లో నిషేధించారు. కానీ మనుషుల డైక్లోఫెనాక్ ప్రతి ఇంటి మందుల డబ్బాలోనూ ఉంది కదా. నొప్పి తగ్గించడం తప్పనిసరే, నొప్పి కూడా మెదడు ఒత్తిడిని పెంచుతుంది. దానికి మా దగ్గర వేరే ఇంజెక్షన్లున్నాయి.

"స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయండి, వాపు దిగిపోతుంది"

ఈ అపోహలో నాకూ వాటా ఉంది. ప్రాక్టీసు మొదట్లో తల దెబ్బ అనగానే డెక్సామెథాసోన్ కొట్టేవాణ్ని, మా సీనియర్లూ అదే చేసేవారు. మనుషుల తల దెబ్బల్లో స్టెరాయిడ్ పనితనం తేల్చడానికి 'క్రాష్' అనే పెద్ద పరీక్ష జరిగింది. 10,008 మంది పెద్దల మీద చేశారు, 2004లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువ. అప్పట్నుంచి పశువైద్యంలోనూ తల దెబ్బకి దాన్ని పక్కన పెట్టాం. వాపు దించడానికి వాడేది మానిటాల్ లేదా గాఢత ఎక్కువున్న ఉప్పు సెలైన్. రెండూ నరంలోకే, లెక్క ప్రకారం, ఆసుపత్రిలోనే.

దీనికి తమ్ముడు లాంటి అపోహ ఇంకోటి: "సెలైన్ పెడితే మెదడులో నీరు చేరుతుంది." నీళ్లు ఆపితే మెదడు ఎండి వాపు తగ్గదు. బీపీ పడిపోతుంది, మెదడుకి రక్తం అందదు. షాక్‌లో ఉన్న కుక్కకి ముందు బీపీ నిలబెట్టాలి, ఆక్సిజన్ పెట్టాలి. తర్వాతే మిగతావి.

"ముందు స్కాన్ తీయండి"

కుక్క కదలకుండా పడుకోదు, సీటీకైనా ఎంఆర్‌ఐకైనా చాలాసార్లు మత్తు ఇవ్వాల్సిందే. నిలకడగా లేని కుక్కకి ఆ మత్తే ప్రమాదం. మొదటి గంటల్లో మాకు దారి చూపేది స్కోరు: నడక, కళ్ల స్పందన, స్పృహ, ఒక్కోదానికి 1 నుంచి 6 మార్కులు, మొత్తం 18. మనుషుల్లో స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్‌ని కుక్కల కోసం మార్చుకున్నది. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో 38 కుక్కల్ని చూస్తే, 8 మార్కులు వచ్చినదానికి మొదటి 48 గంటలు గడిచే అవకాశం దాదాపు సగం సగం అని తేలింది. నాకైతే ఒక్క మార్కు కంటే గంట గంటకీ అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ముఖ్యం. మందులిచ్చినా స్కోరు దిగజారుతుంటే అప్పుడు స్కాన్ ఆలోచిస్తాం.

"గుండ్రంగా తిరుగుతోంది, కళ్లు పోయాయి, ఇక ఇంజెక్షన్ ఇచ్చేయండి"

అసలు ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే. నొప్పి లేకుండా చంపేసే ఇంజెక్షన్ ఇవ్వమన్న ఆ మాట సాధారణంగా మూడో రోజునో నాలుగో రోజునో వస్తుంది. గండం గడిచాక.

రెండు కిలోల నాలుగు వందల గ్రాముల పొమేరియన్, ఆడది, చిట్టి అనుకుందాం. స్కూటీ మీంచే. వచ్చినప్పుడు స్కోరు 9. మూడో రోజుకి లేచి నిలబడింది, నిలబడగానే ఎడమ వైపుకి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. గోడకి గుద్దుకుంటుంది, మూలలో తల ఆనించి అలాగే నిలబడుతుంది. కంటి ముందు చెయ్యి ఊపితే రెప్ప వేయదు. టార్చి వేస్తే మాత్రం కనుపాప చక్కగా ముడుచుకుంటోంది. అంటే కన్ను బాగానే ఉంది, చూసిందాన్ని అర్థం చేసుకునే పై మెదడు వాచింది. దెబ్బ ఎటు తగిలిందో చాలాసార్లు అటే తిరుగుతాయి. వాళ్లమ్మగారు "దాన్ని అలా చూడలేం సార్" అన్నారు. వారం ఆగమన్నాను.

మనిషి నడవాలంటే పై మెదడు మీద చాలా ఆధారపడాలి. కుక్కకి అంత అవసరం లేదు, నడిపించే పని ఎక్కువగా మెదడు కాండంలోనే జరిగిపోతుంది. అందుకే మనిషైతే మంచం పట్టే దెబ్బకి కుక్క వారాల్లో లేచి తిరుగుతుంది. దానికి కావాల్సింది మంచి నర్సింగు. చిట్టికి చేయించినవే చెప్తాను. లేవని రోజుల్లో మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చడం, కింద మందపాటి పరుపు. తనంతట తను మూత్రం పోయకపోతే పొట్ట మెత్తగా నొక్కి పోయించడం, ఇది క్లినిక్‌లో నేర్పిస్తాం. రెప్ప వేయని కంటికి జెల్. లేచాక దిళ్లతో చుట్టూ కట్టిన చిన్న దడి, మెట్లకి అడ్డం, మెడ బెల్టుకి బదులు ఛాతీకి వేసే బెల్టు. సామాన్లు ఎక్కడివక్కడే ఉంచాలి. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి, లేకపోతే ఉలిక్కిపడి కరుస్తుంది. ఇంత చిన్న కుక్కలకి ఆకలితో షుగర్ పడిపోతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా రోజుకి అయిదారు సార్లు తిండి, అదీ బోర్లా కూర్చోబెట్టి, తల ఎత్తి ఉన్నప్పుడు.

తొమ్మిదో రోజు పొద్దున వేలి మీది పెరుగన్నం వాసన పట్టి తనే నాకింది. మూడో వారంలో వీధి తలుపు ఎటుందో కనుక్కుంది. ఇంట్లో మూత్రం పోయడం మాత్రం నెలన్నర పోలేదు, పాత అలవాటు మళ్లీ మొదట్నుంచి నేర్పుకోవాల్సి వచ్చింది. తిట్టి లాభం లేదు, అది మర్చిపోయింది, మొండికేయడం లేదు.

అన్నీ చిట్టిలా తేరుకుంటాయని నేను చెప్పను. రెండు కనుపాపలూ పెద్దవై వెలుగుకి కదలకుండా, స్పృహ లేకుండా ఉండిపోతే ఆ మాట నేనే ముందు ఎత్తుతాను. కానీ గుండ్రంగా తిరగడం, తల వంకర, చూపు లేకపోవడం: ఈ మూడింటికీ మూడో రోజున తీర్పు చెప్పకండి. మార్పు వారాల్లో కనిపిస్తుంది, నెలల పాటు సాగుతుంది.

"నాలుగు నెలలైంది, ఇక మందు మానేయొచ్చు"

ఫిట్స్ మందు సంగతి. దెబ్బ తగిలిన నెలల తర్వాత కూడా ఫిట్స్ మొదలవ్వచ్చు, మెదడులో మచ్చ మిగులుతుంది కాబట్టి. ఫినోబార్బిటోన్ వాడుతున్న కుక్కకి ఒక్కసారిగా ఆపితే ముందుకంటే గట్టి ఫిట్స్ వస్తాయి. మానాలనుకుంటే మేము మెల్లగా తగ్గిస్తాం. ఊరెళ్తూ మాత్రలు మర్చిపోతే దారిలోనే ఫోన్ చేయండి, తిరిగొచ్చాక కాదు.

చిట్టి తల ఇప్పటికీ కొంచెం ఎడమకి వంగే ఉంటుంది. గిన్నె కుడి పక్కన పెడితే మొదటిసారి అందదు, అందుకని వాళ్లమ్మగారు ఎడమ పక్కనే పెడుతున్నారు. పోయినసారి టీకాకి వచ్చినప్పుడు ఆటోలో తీసుకొచ్చారు, ఒడిలో కూర్చోబెట్టుకుని.