ఆదివారం రాత్రి రాజీనామా రాయకండి: పాస్టర్ల నిరుత్సాహం గురించి అపోహలు, వాస్తవాలు

ఇరవై రెండేళ్ల సేవలో మూడుసార్లు రాజీనామా ఉత్తరం రాశాను. మూడూ ఆదివారం రాత్రి రాసినవే. ఆ సంగతి మూడో ఉత్తరం రాశాక గాని నాకు తట్టలేదు. పొద్దున ఒడిశాలోని గుణుపురంలో తెలుగు ఆరాధన, మధ్యాహ్నం వంశధార అవతలి పల్లెలో ఒడియా కూడిక, చీకటి పడ్డాక ఎవరింట్లోనో కుటుంబ ప్రార్థన. వీటి నడుమ భోజనం ఒక్క పూట. ఆ రాత్రి మనసులో ఏ మాట మెదిలినా దేవుని స్వరమే అనుకునేవాణ్ణి. అది ఒట్టి అలసట.

రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో కొత్తగా సేవలోకి వచ్చిన తమ్ముళ్లు నాకు తరచుగా ఫోను చేస్తుంటారు. ప్రశ్నలు రకరకాలుగా ఉన్నా వాటి వెనక అపోహలు మాత్రం కొన్నే.

అపోహ: నిరుత్సాహం వచ్చిందంటే విశ్వాసం తగ్గినట్టే.

ఏలీయా ప్రవక్తకు విశ్వాసం తక్కువని ఎవరైనా అంటారా? కర్మెలు కొండ మీద అగ్ని దిగి వచ్చిన తర్వాతే కదా ఆయన బదరీవృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నది! మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం నిదానంగా చదవండి. దూత వచ్చి గద్దించలేదు, వాక్యం చెప్పలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి తల దగ్గర ఉన్నాయి. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే.

మనం దీన్ని తిరగేశాం. డీలా పడిన సేవకుడు కనిపిస్తే ముందు ఉపదేశం చేస్తాం, ఆపైన మూడు రోజుల ఉపవాసం పెట్టుకోమంటాం. ఉపవాసానికి నేను వ్యతిరేకిని కాను. కాని అప్పటికే పూట తప్పి పూట తింటున్నవాడికి ఇంకో ఉపవాసం చెప్పడం వైద్యం కాదు. నా రెండో రాజీనామా ఉత్తరం చూసి మా ఇంటావిడ అన్నది ఒకటే మాట: "ముందు ఈ అంబలి తాగండి, పిలుపు సంగతి పొద్దున చూద్దాం."

అయితే అంబలితో, నిద్రతో తీరనిదీ ఒకటి ఉంటుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఏ పని మీదా ఆసక్తి పుట్టకపోయినా, చనిపోతే బాగుండు అనిపించినా అది జబ్బు. మలేరియాకు మందు వేసుకున్నట్టే దీనికీ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. 14416 ప్రభుత్వం నడిపే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు, ఖర్చు లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. పాస్టరు గారు మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లారట అని నలుగురూ అనుకుంటారన్న భయం నాకు తెలుసు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు బోధకుడు చార్లెస్ స్పర్జన్ పేరు వినని బోధకుడు ఉండడు. 1856లో లండన్‌లో ఆయన కూటంలో ఎవరో నిప్పు అని అబద్ధంగా అరిస్తే తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. ఆ దెబ్బ, ఆపైన వచ్చిన కుంగుబాటు జీవితాంతం ఆయనను వెంటాడాయి. ఆ విషయాన్ని తన దగ్గర చదువుకునే విద్యార్థులకు దాచకుండా చెప్పేవాడాయన.

అపోహ: సంఖ్య పెరగడం లేదంటే సేవ ఫలించనట్టే.

ఒంగోలు సంగతి మన వేదికల మీద ఎన్నిసార్లు విన్నామో! 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. వేదిక మీద ఆ అంకె ఒక్కటే వినిపిస్తుంది. దాని ముందున్న నలభై ఏళ్లు ఎవరూ చెప్పరు. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే అమెరికా నుంచి తెలుగు నేలకు వచ్చింది 1836లో. 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ల తరబడి విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమందే. ఈ పని మూసేద్దామా అని పంపినవాళ్లే ఒకటికి రెండుసార్లు చర్చించారు. ఆ మిషన్‌కు ఒంటరి నక్షత్రం అన్న పేరు అప్పుడు వచ్చిందే. ఆ 2,222 బాప్తిస్మాల నాటి మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో.

నాకు ఇంకా నచ్చే భాగం వేరే ఉంది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. జనం వేలల్లో చుట్టూ ఉన్నారు, బాప్తిస్మం అడుగుతున్నారు. తిండి గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన కరువు పోయేదాకా ఇవ్వలేదు. ఆ నెలల నివేదికలో బాప్తిస్మాల గడిలో సున్నా ఉండి ఉంటుంది. ఆయన సేవంతటిలో అంత నిండుగా పని జరిగిన నెలలు ఎన్ని ఉంటాయి?

మా సంఘంలో సంక్రాంతి దాటితే కుర్చీలు ఖాళీ అవుతాయి. కుర్రాళ్లు విశాఖకో హైదరాబాదుకో కేరళకో పనికి వెళతారు, వానలు పడ్డాక నాట్లకు కొందరు తిరిగి వస్తారు. మొదటి నాలుగేళ్లు ప్రతి ఎండాకాలం నా ప్రసంగాల్లో లోపం వెతుక్కున్నాను. లోపాలు ఉన్నాయి, కాదనను. అయితే జనం తగ్గింది వాటివల్ల కాదు. ఇప్పుడు హాజరు పుస్తకంతో పాటు ఇంకో పుస్తకం పెట్టుకున్నాను. ఎవరింటికి వెళ్లాను, ఎవరికోసం ప్రార్థించాను, వలస వెళ్లిన ఎవరికి ఫోను చేశాను అని అందులో రాస్తాను. హాజరు నా చేతిలో లేదు, ఈ రెండో పుస్తకం ఉంది.

అపోహ: పిల్లలు తెలుగు మరిచిపోతున్నారు, ఇక ఈ సంఘానికి రోజులు చెల్లాయి.

ఆంధ్రాలో ఉన్న పాస్టర్లకు ఈ దిగులు అర్థం కాదు. మా పెద్దలకు తెలుగు కీర్తన లేకపోతే ఆరాధన జరిగినట్టే ఉండదు. పిల్లలు చదివేది ఒడియా బడిలో, తెలుగు బైబిలు చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంటారు. దీనిమీద చాలాకాలం కుమిలిపోయాను. ఒకరోజు పాటల గుంపులో పాడే అమ్మాయి నోటుపుస్తకం తెరిచి చూశాను. తెలుగు కీర్తనలన్నీ ఒడియా అక్షరాల్లో వరుసగా రాసుకుంది! పలకడంలో ఒక్క దీర్ఘం తప్పడం లేదు. అక్షరాలు వేరయినా పాట పోలేదు.

అసలు తెలుగు క్రైస్తవ కీర్తనకు ఈ సరిహద్దు కొత్తదేమీ కాదు. మన పాత కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారిది పర్లాకిమిడి ప్రాంతం. ఆయన 1833లో బాప్తిస్మం పొందింది కటకంలో. పర్లాకిమిడి 1936లో ఒడిశాలోకి వెళ్లింది, కీర్తనలు రెండు వైపులా ఉండిపోయాయి. ఇప్పుడు వాక్యం తెలుగులో చెప్పి, ముఖ్యమైన మాటలు ఒడియాలో మళ్లీ చెబుతున్నాను. సవర గిరిజన కుటుంబాలు వచ్చిన రోజున వాళ్ల పెద్ద ఒకాయన సవరలో ప్రార్థన చేస్తాడు. ఆరాధన అరగంట పొడుగవుతుంది. దానికి సణిగేవాళ్లు ఉన్నారు, ఉండనివ్వండి.

అపోహ: ఎవరు పిలిచినా, ఎప్పుడు పిలిచినా వెళ్లడమే సేవ.

పొద్దుటి నుంచి సాయంకాలం దాకా ఒక్కడివే తీర్పు తీర్చడం మంచిది కాదు, నువ్వూ ఈ జనమూ నలిగిపోతారు అని మోషేకు చెప్పింది ఆయన మామ యిత్రో. చూసిన మొదటి రోజే మామగారికి అర్థమైంది. మా దగ్గర స్థలం హద్దు తగాదా నుంచి బైకు కొనుగోలు దాకా పాస్టరు గారు ఉండాలి. హద్దు తగాదాలు ఇప్పుడు సంఘ పెద్దలకు అప్పగించాను. నాకంటే బాగా తీరుస్తున్నారు, మొదట్లో అది కొంచెం నొచ్చింది కూడా.

ఇక ఫోను. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు వరకు అది వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ఎలాగూ తలుపు తడతారు. పెద్ద పెద్ద బోధకుల వీడియోలు శనివారం చూడను. చూస్తే ఆదివారం నా గొంతు నాకే నచ్చదు.

అపోహ: సేవకుడు తన భారం ఎవరికీ చెప్పుకోకూడదు.

ఇందులో సగం నిజం ఉంది. ఒకసారి ప్రసంగం మధ్యలో నా దిగులు చెప్పుకున్నాను. సోమవారం పొద్దున్నే పెద్దలు గుంపుగా ఇంటికి వచ్చారు. అయ్యగారు వెళ్లిపోతున్నారట అని ఊరంతా పాకింది. కాబట్టి వేదిక మీద కాదు. ఇంటిలో అమ్మగారికే అంతా మోపడమూ న్యాయం కాదు. ఆమెకు తన భారం వేరే ఉంటుంది, దాన్ని అడిగేవాళ్లే ఉండరు.

మేము ముగ్గురం ఉన్నాం. ఒకాయన లూథరన్, ఒకాయన పెంతెకొస్తు, నేను బాప్టిస్టు. నెలకొక సోమవారం నేను రైలెక్కి పర్లాకిమిడిలో దిగుతాను, మిగిలిన ఇద్దరూ అక్కడికే వస్తారు. హాజరు గురించి, కానుకల గురించి మాట్లాడకూడదన్నది ఒప్పందం. మొదటిసారి ఆ రెండూ తీసేస్తే ఏం మాట్లాడుకోవాలో ముగ్గురికీ తోచలేదు. టీ తాగి వంతెన దాకా నడిచాం. మూడో నెలలో గాని మా పెంతెకొస్తు సోదరుడు తన దగ్గరా ఒక రాజీనామా ఉత్తరం ఉందని చెప్పలేదు. ఏ రోజు రాశారని అడిగాను. కాసేపు ఆలోచించి, ఆదివారం రాత్రే అన్నాడు.