కుక్క కుంటితే లైమ్ వ్యాధేనా? పిడుదుల జబ్బులపై అపోహలు - వాస్తవాలు

కావలిలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తుంటాను. అల్లూరు రొయ్యల గుంటల నుంచి, ఇటు ఉలవపాడు, సింగరాయకొండ నుంచి కూడా కుక్కల్ని తీసుకొస్తుంటారు. ఈమధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. కుక్క కుంటుతుంటేనో, రెండు రోజులుగా అన్నం ముట్టకపోతేనో ఇంట్లో చదువుకునే పిల్లలు ఫోన్‌లో వెతికి, "సార్, మా వాడికి లైమ్ డిసీజ్ అనుకుంటా, దానికి ఇంజెక్షన్ ఉందా?" అని అడుగుతున్నారు. పిడుదు కుడితే జబ్బులొస్తాయని వాళ్లకు తెలిసినందుకు నాకు సంతోషమే. కానీ ఆ పేరు దగ్గరే ఆగిపోతే మన ఇంటి గోడల్లో కాపురమున్న అసలు జబ్బు కంట పడదు. దాని వల్ల బతకాల్సిన కుక్కలు పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పిడుదు కుట్టాక జ్వరమొచ్చిందంటే అది లైమ్ వ్యాధే.

లైమ్ అనేది అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక ఊరు. 1970లలో ఆ చుట్టుపక్కల చాలామంది పిల్లలకు మోకాళ్లు వాచిపోతుంటే ఆరా తీశారు. చివరికి 1982లో, అడవి పిడుదుల్లో ఉండే బొరీలియా అనే బ్యాక్టీరియా దీనికి కారణమని విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త బృందం ప్రకటించింది. దాన్ని మోసేవి ఇక్సోడెస్ జాతి పిడుదులు. అవి జింకలు, ఎలుకలు తిరిగే చల్లటి, తేమగల అడవుల్లో బతుకుతాయి. మన దేశంలో హిమాలయాల వైపు ఈ జాతి ఉంది. మన కోస్తాలో కుక్క చెవి మడత తిప్పి చూస్తే కనిపించేది అది కాదు, గోధుమరంగు కుక్క పిడుదు. కొందరు గోమారి అంటారు. దీనికి అడవి అక్కర్లేదు. సిమెంటు గోడ, ఒక కుక్క ఉంటే చాలు.

రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు అచ్చం ఆముదపు గింజలా ఉంటుంది. ఆముదం చెట్టు శాస్త్రీయ నామం రిసినస్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం పిడుదు అనే. ప్రకాశం మెట్ట చేలల్లో ఆముదాలు ఒలిచినవాళ్లకు ఈ పోలిక విడమరచి చెప్పక్కర్లేదు.

మన పిడుదు మోసే జబ్బులు వేరు. తెల్లకణాల్లో చేరే ఎర్లీకియా, ఎర్రకణాలను పగలగొట్టే బబేసియా, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను పట్టే అనాప్లాస్మా. కుక్క పిడుదును కొరికి మింగితే వచ్చే హెపటోజూన్ అనేది ఇంకొకటి. అన్నిటినీ కలిపి మేం టిక్ ఫీవర్ అనేస్తాం. వీటిలోనూ కీళ్లు నొప్పులు పుట్టొచ్చు, కుక్క కుంటొచ్చు. అందుకే ఫోన్‌లో చూసిన లక్షణాలు సరిపోయినట్టే అనిపిస్తాయి.

అపోహ: అమెరికా వెబ్‌సైట్‌లో చెప్పిన జాగ్రత్తలు ఇక్కడా సరిపోతాయి.

అక్కడ "రోజూ సాయంత్రం కుక్కను తడిమి పిడుదులు తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే" అంటారు. లైమ్ విషయంలో అది నిజమే, ఎందుకంటే పిడుదు కరుచుకుని ఒకటి రెండు రోజులుంటే గానీ ఆ బ్యాక్టీరియా కుక్క ఒంట్లోకి దిగదు. ఎర్లీకియా అంత టైమ్ ఇవ్వదు, కొన్ని గంటల్లోనే ఎక్కేస్తుంది. పొద్దున అంటుకున్న పిడుదును రాత్రి తీసినా ఆలస్యమైపోయి ఉండొచ్చు. అక్కడ మంచు పడే నెలల్లో పిడుదుల బెడద తగ్గుతుంది. మనకు పన్నెండు నెలలూ వాటికి పండగే. అక్కడ కుక్కలకు లైమ్ టీకా ఉంది. ఎర్లీకియాకు ఎక్కడా టీకా లేదు. "టీకాలన్నీ వేయించాం కదా సార్" అంటుంటారు. ఆ టీకాలు పార్వో, డిస్టెంపర్, ఎలుక జ్వరం, రేబిస్ లాంటి వాటికి. టిక్ ఫీవర్‌ను అవి ఆపలేవు.

అపోహ: లైమ్ పాజిటివ్ వస్తే కుక్క పని అయిపోయినట్టే.

న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబం తమ లాబ్రడార్‌ను తీసుకొచ్చింది. అక్కడే చేయించిన పరీక్షలో లైమ్ యాంటీబాడీలు ఉన్నాయని రాశారు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. కుక్క మాత్రం బల్ల మీద నిలబడి నా జేబులోని బిస్కెట్లు వెతుకుతోంది. యాంటీబాడీ ఉందంటే ఆ బ్యాక్టీరియా ఎప్పుడో ఒకసారి ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. లైమ్ సోకిన కుక్కల్లో నూటికి తొంభైకి పైగా వాటికి ఏ లక్షణమూ కనపడదు. కనపడితే పిడుదు కుట్టిన రెండు నుంచి ఐదు నెలలకు జ్వరం, నీరసం, వాచిన కీళ్లు వస్తాయి. ఒక కాలు బాగైతే ఇంకో కాలు కుంటడం దీని గుర్తు. మనుషుల చర్మం మీద వచ్చే గుండ్రటి ఎర్ర మచ్చ కుక్కల్లో కనిపించదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో చాలా వరకు రోజుల్లోనే తేరుకుంటాయి.

నిజంగా భయపడాల్సింది మూత్రపిండాల గురించి. అరుదే గానీ వచ్చిందంటే గడ్డు సమస్య. మూత్రంలో ప్రొటీన్ పోతూ, వాంతులు, ఒళ్లు నీరు పట్టడం, చివరికి కిడ్నీలు చేతులెత్తేయడం జరుగుతుంది. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లలో ఇది ఎక్కువగా చూస్తారు. అందుకే ఆ కుక్కకు మందు రాయలేదు, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేశాను. ఏమీ లేదు. ఆర్నెల్లకోసారి ఆ పరీక్ష చేయిద్దామని చెప్పి పంపాను.

అపోహ: ఎండలకు వేడి చేసి ముక్కులోంచి రక్తం కారింది.

ఇది మన వైపు మాట. దీని గురించే ఎక్కువ చెప్పాలి.

రోహిణి కార్తెలో ఒకాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా కుక్కను ఆటోలో వేసుకొచ్చాడు. నాటు కుక్క, ఐదేళ్లుంటాయి. ముక్కులోంచి రక్తం చుక్కలు చుక్కలుగా కారుతోంది. "వేడి చేసింది సార్, రెండు రోజుల నుంచి మజ్జిగ తాపుతున్నాం, నెత్తిన తడిగుడ్డ వేస్తున్నాం" అన్నాడు. ప్రేమతోనే చేశాడు. కానీ కుక్కలకు ఎండ వల్ల మామూలుగా ముక్కు నుంచి రక్తం రాదు.

పెదవి పైకెత్తి చూశాను. నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, రంగు తెలియదు. అప్పుడు కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి. అది కాగితంలా పాలిపోయి ఉంది. పొట్ట మీద వెంట్రుకలు లేని చోట సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలున్నాయి. వేలితో నొక్కితే ఆ చుక్కలు చెరగలేదు, అంటే చర్మం కింద రక్తం చిమ్మింది. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రెండు నుంచి ఐదు లక్షల దాకా ఉండాలి.

ఎర్లీకియా మూడు అంచెల్లో నడుస్తుంది. పిడుదు కుట్టిన వారం నుంచి మూడు వారాల్లో జ్వరం వస్తుంది, తిండి తగ్గుతుంది. రెండు మూడు వారాలకు దానంతటదే తగ్గినట్టుంటుంది, మనం మర్చిపోతాం. తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు, కుక్క మామూలుగానే తిరుగుతుంది. సూక్ష్మజీవి మాత్రం ఒంట్లోనే దాక్కుంటుంది. మూడో అంచెలో ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాల తయారీయే ఆగిపోతుంది. అప్పుడే ముక్కు రక్తం, నల్లటి విరేచనం, కళ్లలో రక్తం, కాళ్ల వాపులు. 1960ల చివర్లో వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు వందల్లో ఈ జబ్బుతోనే రక్తం కారి చనిపోయాయి. వాటిలో ఎక్కువ జర్మన్ షెపర్డ్‌లు. ఆ జాతికి ఇది తీవ్రంగా వస్తుంది. అలాగని నాటు కుక్కకు రాదనుకోవద్దు, ఆ రోజు నా బల్ల మీద ఉన్నది నాటు కుక్కే.

గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసినప్పుడు ఏమీ కనపడలేదంటే జబ్బు లేదని కూడా అనుకోకండి. తెల్లకణంలో ఈ సూక్ష్మజీవుల గుత్తి మల్బరీ పండులా కనిపిస్తుంది, కానీ అది దొరకడం అదృష్టమే. అనుమానం గట్టిగా ఉంటే రక్తంలో సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేయించాలి, ఈలోగా మందు మొదలుపెట్టాలి. ఇక మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంటే బబేసియాను అనుమానించాలి. దాని మందులు వేరు. రెండూ ఒకేసారి ఉండటమూ మామూలే.

అపోహ: నాలుగు బిళ్లలకే లేచి తిన్నది, ఇక మందు ఎందుకు?

డాక్సీసైక్లిన్ వేసిన రెండు మూడు రోజుల్లోనే కుక్క తోక ఊపుతుంది. అక్కడే అందరూ ఆపేస్తారు. కోర్సు 28 రోజులు. మధ్యలో ఆపితే జబ్బు తగ్గకుండానే ఆ రెండో అంచెలోకి జారుకుంటుంది. వట్టి కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది, అన్నంలో పెట్టి ఇవ్వండి. బిళ్ల గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది కాబట్టి వెనకాలే నీళ్లు తాగేలా చూడండి.

ఇంట్లో ఉన్న మన జ్వరం బిళ్ల మాత్రం వేయొద్దు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకైతే అది ప్రాణం మీదికి తెస్తుంది. పారాసెటమాల్ కూడా సొంతంగా వేయకూడదు. డెంగీ వచ్చినప్పుడు విన్నారు కాబట్టి బొప్పాయి ఆకు రసం పట్టేవాళ్లున్నారు. ఎర్లీకియా బ్యాక్టీరియా. ఆకు రసంతో అది చావదు. చేదుకు కుక్క వాంతులు చేసుకుని ఉన్న నాలుగు మెతుకులూ పోగొట్టుకుంటుంది. వద్దు.

అపోహ: పొలం మందు నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి పోస్తే పిడుదులన్నీ రాలిపోతాయి.

రాలిపోతాయి, నిజమే. కుక్క కూడా పోతుంది. మామిడి తోటకు కొట్టగా మిగిలిన మందును కుక్క ఒంటికి రాసి, గంటకు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాళ్లున్నారు. నోట్లోంచి చొంగ తీగలు, కండలన్నీ అదురుతూ, కంటిపాప సూదిమొనంత. విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చి, ఒళ్లంతా కడిగి, రాత్రంతా కూర్చుంటే ఒకటి బతికింది, ఒకటి బతకలేదు. ఆ ఇళ్లవాళ్లు కావాలని చేసిన తప్పు కాదది, దుకాణంలో ఎవరో చెప్పారు. ఈ ఒక్క పేరా చదివి పక్కింటివాళ్లకు చెప్పినా నాకు చాలు.

కిరసనాయిలు పోయడం, అగరువత్తితో కాల్చడం కూడా వద్దు. పిడుదు బెదిరి తన కడుపులోది పుండులోకి కక్కొచ్చు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. గోళ్ల మధ్య చిదమొద్దు, స్పిరిట్ సీసాలో వేయండి. నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందులు ఉన్నాయి. బరువు చూసి, మూర్ఛ లాంటివి ఏమైనా ఉన్నాయేమో అడిగి డాక్టర్ రాస్తారు. ఇంట్లో పిల్లి ఉంటే ముందే చెప్పండి. పెర్మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లిని చంపేస్తుంది.

అపోహ: కుక్కకు టిక్ ఫీవర్ అయితే ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది.

ముట్టుకుంటే, నాకితే అంటుకోదు. లైమ్ కూడా కుక్క నుంచి నేరుగా మనిషికి రాదు. కానీ గోధుమరంగు పిడుదు అప్పుడప్పుడు మనుషుల్నీ కుడుతుంది, దాని ద్వారా రికెట్సియా అనే బ్యాక్టీరియా వల్ల జ్వరం రావచ్చు. స్క్రబ్ టైఫస్ మాత్రం పిడుదుది కాదు, అది పొదల్లో ఉండే మైట్ అనే చిన్న పురుగు పిల్లల వల్ల వస్తుంది. కాబట్టి భయపడి కుక్కను వీధిలో వదిలేయక్కర్లేదు. పిడుదుల్ని వదిలించుకుంటే చాలు.

అపోహ: వారం వారం స్నానం చేయిస్తున్నాం, మా కుక్క ఒంటి మీద పిడుదులే లేవు.

మీకు కుక్క మీద కనిపించేవి మొత్తంలో చాలా కొద్ది. మిగతావన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఈ పిడుదు పుట్టిన దగ్గర్నుంచి మూడుసార్లే కుక్క మీదికెక్కి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ రాలి, గోడ నెర్రెలో దూరి, తోలు మార్చుకుంటుంది. చివరిసారి ఆడది వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. పెద్ద పిడుదు తిండి లేకుండా ఏడాది పైగా బతకగలదు. కుక్క చచ్చిపోయాక ఆర్నెల్లకు కొత్త పిల్లను తెచ్చి, దానికీ అదే జబ్బు వస్తే "మా ఇంటికి కుక్క అచ్చిరాదు" అంటారు. అచ్చిరానిది కుక్క కాదు, ఆ గోడ.

రొయ్యల గుంటల కుక్కకు వేరే కుక్క రక్తం ఎక్కించాం, 28 రోజుల మందు పూర్తి చేశాం. మూడో వారంలో దాని యజమాని షెడ్డు ఫోటోలు పంపాడు. కుక్క పడుకునే గోనెసంచి పక్కన గోడకు మీటరు బోర్డు ఉంది. దాన్ని ఊడదీస్తే వెనకాల చెక్కకూ గోడకూ మధ్య ఆవగింజల్లా గుడ్ల కుప్పలు, వాటి మీద అరచేయంత మేర పిడుదులు. గోనెసంచి కాల్చేశాడు. నెర్రెలన్నీ సిమెంటుతో పూడ్చాడు. కుక్కను వేరే చోట కట్టేసి, ఇళ్లలో వాడదగ్గ మందు పదిహేను రోజులకోసారి చొప్పున మూడు నెలలు కొట్టించాడు. పోయినసారి వచ్చినప్పుడు ఆయనే కుక్క కనురెప్ప కిందికి లాగి, "చూడండి సార్, ఎర్రగా ఉంది" అన్నాడు.