తడి స్పూను సంగతి

గుంటూరు,
జూన్ 3.

చిరంజీవులు అమ్ములు, చింటూ, బుజ్జిలకు తాతయ్య ఆశీస్సులు.

మేమిక్కడ క్షేమం. మీరు వెళ్లిన దగ్గర్నుంచి ఇల్లు బోసిపోయింది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను ఆగే చప్పుడు కూడా వినపడింది. పది రోజుల క్రితం ఇదే ఇంట్లో పిడుగు పడ్డా తెలిసేది కాదు. రోహిణి కార్తె మాత్రం ఇంకా వదల్లేదు. రోళ్లు పగులుతాయంటారు కదా, మనింట్లో రోలు లేదు కాబట్టి డాబా మీద ప్లాస్టిక్ బకెట్ పగిలింది.

అమ్ములూ, నీకొక జవాబు బాకీ ఉన్నాను. ఆ గురువారం పొద్దుటి సంగతి గుర్తుందా? పొయ్యి మీద మామిడి జామ్ కుతకుతలాడుతోంది. చేతి మీద చిందుతుందని అమ్మమ్మ మణికట్టుకి పాత తువ్వాలు చుట్టుకుని గరిటె తిప్పుతోంది. హాల్లో బొంత కోసం పాత చీరలు పరిచి ఉన్నాయి, వాటిని తొక్కకుండా గోడవారగా నడవమని మీ అమ్మ అరుస్తోంది. సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మా చెల్లెలు, వాళ్ల కోడలు, ఇద్దరు పిల్లలు, నాలుగు సంచులు ఆటోలోంచి దిగారు. ఆ సందట్లో, ముందురోజు అమ్మమ్మ చేసిన జామ్ సీసాలో నువ్వు అప్పుడే కడిగిన తడి స్పూను ముంచబోయావు. అమ్మమ్మ కేకేసింది. నువ్వేం తగ్గలేదు.

"జామ్ అంతా తడిగానే ఉంది కదా అమ్మమ్మా! ఇంకో చుక్క తగిలితే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? వీపు విమానం మోత మోగుతుంది."

అది జవాబు కాదమ్మా. నీ ప్రశ్న చాలా గట్టిది. నాకు 74 ఏళ్లొచ్చాయి, ఇన్నేళ్లూ జామ్ తిన్నాను గానీ ఈ అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

నేను సైన్సు మాస్టారిని కాను. ముప్పై ఏళ్లు మిర్చి కమిషన్ కొట్లో లెక్కలు రాసినవాణ్ణి. అక్కడ నేర్చుకున్నది, తేమ ఉంటే బూజు ఖాయమని. యార్డులో సరుకు కొనేవాడు కాయల్ని పిడికిట్లో నలుపుతాడు. గలగలమంటే ఎండినట్టు. మెత్తగా వంగిందా, ధర పడిపోయినట్టే. ఆ లెక్కన జామ్‌కి రెండో రోజే బూజు పట్టాలి. ఎందుకంటే అందులో నీళ్లు ఎన్నున్నాయో మనం తూచి మరీ చూశాం. చింటూ, కాటా దగ్గర కూర్చుంది నువ్వే. నున్న మార్కెట్ నుంచి మీ మామయ్య తెచ్చిన కలెక్టర్ కాయల గుజ్జు 2 కిలోలు, పంచదార కిలోన్నర. మూడున్నర కిలోలు గిన్నెలోకి వెళితే దింపాక తేలింది రెండుముప్పావు. ముప్పావు కిలో నీరు వంటింటి కిటికీలోంచి ఆవిరై పోయింది. పోగా మిగిలిన జామ్‌లో ఇంకా మూడో వంతు దాకా నీళ్లే! కొట్లో కొనే బ్రెడ్‌లో కూడా ఇంచుమించు అంతే నీరుంటుంది. ఈ ఎండల్లో బ్రెడ్ ముక్కని బయట పెడితే మూడు నాలుగు రోజులకే ఆకుపచ్చ మచ్చలొస్తాయి. బాగా కుదిరిన జామ్ సీసా నెలలు నిలుస్తుంది. ఎందుకలా?

ఇప్పుడు మనం డాబా మీదకి వెళ్లాలి.

గురువారం రాత్రి మనింట్లో పంతొమ్మిది మందిమి పడుకున్నాం. ఉన్నవి పద్నాలుగు బొంతలు. పిల్లలు ముగ్గురేసి ఒక్కదాని మీద సర్దుకున్నారు. నరసరావుపేట నుంచి వచ్చిన మా బావమరిది మాత్రం కింద ఒకటి పరిచి, పైన ఒకటి కప్పి, మరొకటి చుట్టచుట్టి తల కింద పెట్టుకున్నాడు. ఆ అర్ధరాత్రి ఎవరైనా వచ్చి "మీ ఇంట్లో బొంతలున్నాయా?" అంటే ఉన్నాయనే చెప్పాలి. "ఒకటివ్వండి" అంటే? లేవు.

జామ్‌లో నీళ్లు ఆ బొంతల్లాంటివి. పంచదార చుట్టాల్లాంటిది. పంచదారకి నీళ్లంటే అంత ఆపేక్ష. దాని ఒక్కో అణువూ చుట్టూ ఉన్న నీటి అణువుల్ని కొన్నింటిని పట్టుకుని అట్టే పెట్టుకుంటుంది, మా బావమరిదిలాగే. బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వాటికి పిలుపు అక్కర్లేదు. అవి జామ్ మీద వాలి చూస్తాయి. చూడబోతే అంతా తడే, తాగబోతే చుక్క దొరకదు. బ్రెడ్‌లో అయితే ఇన్ని బొంతలకి ఇందరు చుట్టాలు లేరు. అందుకే అక్కడ బూజు కాళ్లు చాపుకుని పడుకుంటుంది.

ఈ బాధ నాకు తెలుసు. ఒకసారి ఆ బూజుని నేనే.

అప్పుడు నాకు పదేళ్లు. మా చిన్న మేనత్త పెళ్లి, ఇలాంటి మండువేసవిలోనే. ఇంటినిండా చుట్టాలు. ఊరి చివర టూరింగ్ టాకీస్‌లో సెకండ్ షోకి ఎవరికీ చెప్పకుండా వెళ్లి, రాత్రి ఒంటిగంటకి దొడ్డిదారిన వచ్చాను. చావడి, వసారా, వాకిలి, ఎక్కడ చూసినా మనుషులే, ఒక్క బొంత ఖాళీ లేదు. అవన్నీ మా నాయనమ్మ కుట్టినవి. పాత నేతచీరలు నాలుగైదు పొరలు పరిచి, అంచులు మడిచి, వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని కుట్టేది. ఆవిడకి చూపు ఆనదు, సూదిలో దారం ఎక్కించడం నా పని. పది సూదులకి ఒక బెల్లం ముక్క. నేను దారం పొట్టిగా తెంపి ఎక్కించేవాణ్ణి, తొందరగా అయిపోతే బెల్లం తొందరగా వస్తుందని. ఆవిడకి ఆ సంగతి తెలుసని ఆవిడ పోయిన చాలా ఏళ్లకి గాని నాకు తట్టలేదు. బొంతలో ప్రతి చీరకీ ఒక కథ ఉండేది. మంగళగిరి చీర అంచు వేలితో తడిమి "ఇది మీ నాన్న పుట్టినప్పటిది" అనేది. ఇప్పుడు చుట్టాలు లొకేషన్ పెట్టించుకుని పొద్దున వచ్చి, సాయంత్రానికి కారెక్కేస్తున్నారు. బొంత ఎవరికి కావాలి? మీరు నాలుగు రాత్రులు పక్క చాలక ఒకళ్లనొకళ్లు తన్నుకున్నారని మీ అమ్మలు విసుక్కున్నారు గానీ, నాకైతే ఆ తన్నులాట చాలా బాగుంది. ఇంటికొచ్చిన వాళ్లకి జాగా ఇచ్చి మనం ఇరుక్కోవడం కూడా చదువే.

ఏం చెబుతున్నాను? ఆ, నేను బూజుని. వసారా చివర కాస్త ఖాళీ నేల కనబడితే భుజం మీద తువ్వాలు పరుచుకుని వాలాను. పక్కన పడుకున్న మా పెదనాన్న నిద్రలోనే ఆ తువ్వాలు కూడా లాక్కుని తల కింద పెట్టుకున్నాడు! పంచదారా అంతే చేస్తుంది. తన దగ్గర నీళ్లు ఇవ్వకపోవడమే కాదు, వచ్చిన బూజు ఒంట్లో నీళ్లు కూడా లాగేస్తుంది.

తెల్లవారుజామున ఎవరో మొదటి బస్సుకి లేచి వెళ్లారు. ఇంకా వెచ్చగా ఉన్న ఆ బొంతలో క్షణంలో దూరాను. అమ్ములూ, నీ తడి స్పూను అదే. కడిగిన స్పూను నుంచి జారిన చుక్క జామ్ పైన తేలి, ఆ ఒక్కచోట జామ్‌ని పలచన చేస్తుంది. సీసా మొత్తం మీద ఆ చుక్క లెక్కలోకి రాదు. కానీ బూజుకి సీసా అంతా ఎందుకు, ఒక్క ఖాళీ బొంత చాలు.

పెద్ద చదువులు చదివినవాళ్లు ఈ ఖాళీ నీటికి అంకె వేస్తారు. మంచినీళ్లకి 1 అయితే బ్రెడ్‌కి 0.95 దగ్గర, జామ్‌కి 0.8 దగ్గర ఉంటుంది. మామూలు బాక్టీరియా 0.9 లోపే చేతులెత్తేస్తుంది. బూజు మొండిది, ఇంకా కిందికి దిగినా కొంత బతుకుతుంది. అంకెలు ఇంతటితో చాలు.

ఆవకాయలో చుట్టం ఉప్పు. అది పంచదార కంటే గడుసు, కొద్దిగా వచ్చినా చాలా బొంతలు లాగేస్తుంది. తాండ్రకైతే చుట్టాల కంటే ఎండ ముఖ్యం, బొంతల్నే ఇంట్లోంచి ఎత్తుకుపోతుంది. విజయవాడ పిన్ని 'ఒంటికి మంచిది' అని సగం పంచదారతో చేయించిన సీసా ఉంది చూశారా, దాన్ని మాత్రం ఫ్రిజ్‌లోంచి తీయకండి. అందులో ఖాళీ బొంతలు చాలా ఉన్నాయి.

బుజ్జి ఇంకోటి అడిగింది, జామ్ రసంలా జారకుండా ఎందుకు నిలబడుతుందని. చీరలు ఊరికే పరిస్తే జారిపోతాయి, దారం కుడితే బొంతవుతుంది. కాయలో పెక్టిన్ అనే దారం ఉంటుంది. నిమ్మరసం పులుపు తగిలి, పంచదార నీళ్లని తన వైపు లాక్కుంటే ఆ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. మరీ పండిన పండులో ఆ దారం పలచబడుతుంది, అందుకే అమ్మమ్మ రసాలు వద్దని దోరగా ఉన్న కలెక్టర్ కాయలు అడిగింది. చల్లటి పళ్లెం మీద చుక్క వేసి వేలితో నెడితే ముడత పడాలి, అప్పుడు కుట్టు పడినట్టు. బొంతలు ఇందాక నీళ్లు కదా, ఇప్పుడు జామ్ ఎలా అయ్యాయని అమ్ములు అడుగుతుంది. అడగకమ్మా. ఉన్నది ఒక్క పోలిక, దాంతోనే సర్దుకుంటున్నాను.

ఇప్పుడొక చెడ్డ కబురు. మీరు వెళ్లిన నాలుగో రోజు హార్లిక్స్ సీసాలో ఉన్న జామ్‌కి బూజు పట్టింది. "అమ్ములు పనే" అని అమ్మమ్మ ఫోన్‌లో నిన్ను కేకలేసిందట. నువ్వు కాదన్నావట, ఏడ్చావట. నువ్వు కాదు తల్లీ. నాకు తీపి వద్దని డాక్టరు గారు చెప్పిన సంగతి మీకు తెలుసు. రాత్రి పదకొండింటికి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లింది నేను. ఆనవాలు దొరక్కూడదని స్పూను కడిగి, మళ్లీ ఆశ పుట్టి, ఆ తడితోనే ముంచింది నేను. అమ్మమ్మకి నిన్న చెప్పేశాను. ఆవిడ నన్ను ఏమందో ఈ ఉత్తరంలో రాయలేను.

పైపైన తీసేసి తినకూడదు కాబట్టి సీసా మొత్తం పారబోయమంది. పారబోసే ముందు భూతద్దం పెట్టి చూశాను. దూది పింజలాంటి తెల్లటి పోగులు, వాటి కొసల్లో గుండుసూది తలల్లా పచ్చటి చుక్కలు, వందలకొద్దీ. ఒక్క చుక్క నీటి కోసం ఎక్కడినుంచి వచ్చాయో, నాలుగు రోజుల్లో ఎంత తోట వేశాయో! ఇంతకంటే నాకు చెప్పడం రాదు, చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

బొంత ఇంకా సగమే అయింది. చింటూ కుట్టిన వరుస పాములా వంకరగా ఉంది. అమ్మమ్మ విప్పుతానంటే నేను వద్దన్నాను. దసరాకి వచ్చి మిగతాది కుట్టండి, సూదుల్లో దారం నేనెక్కిస్తాను.

ఈలోగా ఒక పని చేయండి. పొడి గిన్నెలో నాలుగు మామిడి ముక్కలు వేసి, పైన రెండు చెంచాల పంచదార చల్లండి. నీళ్లు చుక్క కూడా పోయొద్దు. గంట ఆగి గిన్నె అడుగున ఏముందో చూసి, అది ఎక్కడిదో, ఎవరు లాగారో నాకు రాయండి. ఫోన్ చేసి చెప్పొద్దు, కార్డు ముక్క మీద రాయండి.

మీ తాతయ్య