ప్రైమరీ సోర్స్ ఏ అరలో ఉంటుంది?

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో మీరు అడిగిన ప్రశ్నకు నిలబడినపాటున జవాబు చెప్పడం ఇష్టం లేక, ఉత్తరం రాస్తానని మాట ఇచ్చాను. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అమెరికా ఎలా ఉండేదో, అందులోనూ మీరుంటున్న ఓక్లహామాను కమ్మేసిన దుమ్ము తుఫానుల సంగతేమిటో వ్యాసం రాసుకురమ్మని మీ టీచర్ చెప్పారనీ, అందులో ఒక్కటైనా ప్రైమరీ సోర్స్, అంటే ఆ కాలంలోనే పుట్టిన పత్రికో, ఉత్తరమో, డైరీయో, ఫొటోనో, ఉండి తీరాలన్నారనీ పెద్దది చెప్పింది. చిన్నవాడు వెంటనే ఫోను లాక్కుని, "అది లైబ్రరీలో ఏ అరలో ఉంటుంది తాతయ్యా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. అది ఏ ఒక్క అరలోనూ ఉండదు నాయనా, దాన్ని తవ్వి తీసుకోవాలి. ఎలా తవ్వాలో నాకు తెలిసింది మా అవ్వ దగ్గర.

మా ఊరు అనంతపురం జిల్లాలో పెన్న ఒడ్డున ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ ఏట్లో కనిపించేది ఇసుకే. ఎండాకాలంలో తెల్లవారుజామున అవ్వ నన్ను వెంటబెట్టుకుని చెలమ తీయడానికి ఏట్లోకి దిగేది. ఎక్కడపడితే అక్కడ తవ్వేది కాదు. ఇసుక కాస్త నల్లబడిన చోటో, తుంగ మొలిచిన చోటో, రాత్రి కుక్కలు గీరి వదిలిన చోటో చూసి కూర్చునేది. మోచేతి లోతు తీయగానే నీరు ఊరేది కానీ అది బురద నీరు. దాన్ని కొబ్బరిచిప్పతో తోడి పారబోసి, మళ్ళీ ఊరనిచ్చి, మళ్ళీ తోడి, మూడోసారి ఊరిన తేట నీటిని బిందెలోకి ఎత్తేది. నేను దాహానికి ఆగలేక మొదటి నీళ్ళు దోసిట్లోకి తీసుకుంటే చేతి మీద ఒక్కటి వేసేది.

లైబ్రరీని ఆ ఏరు అనుకోండి. చరిత్రకారులు రాసిన పుస్తకాలు ఎవరో తెచ్చిపెట్టిన బిందెల వంటివి. వాళ్ళు తవ్వారు, తోడారు, గుడ్డకట్టి వడబోశారు. ముందుగా ఆ నీళ్ళే తాగండి, అందులో తప్పేమీ లేదు. అయితే నీళ్ళు ఏ చెలమలోవో నిజాయితీ గల రచయిత పుస్తకం చివరి పేజీలలో చెబుతాడు. ఏ పత్రిక, ఏ తేదీ, ఏ ఉత్తరం, ఎవరి డైరీ అన్నదంతా చిన్న అక్షరాలలో అక్కడ ఉంటుంది. చదువుకునే పిల్లలు ఆ పేజీలు తిప్పకుండా పుస్తకం మూసేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మీరు మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

బిందెలు ఎక్కడున్నాయో తెలుసుకోవడం సులువే. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలను డ్యూయీ అంకెల ప్రకారం, అంటే విషయానికో అంకె చొప్పున, సర్దుతారు. అమెరికా చరిత్ర 973 దగ్గర ఉంటుంది. అందులో 973.914 హార్డింగ్ అధ్యక్షుడుగా ఉన్న కాలం, .915 కూలిడ్జ్, .916 హూవర్, .917 ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1921 నుంచి 1945 దాకా నడిచిన చరిత్ర ఆ నాలుగు అంకెలలోనే, జానెడు దూరంలో పక్కపక్కన నిలబడి ఉంటుంది. కానీ అక్కడే ఆగిపోకండి. దుమ్ము తుఫానుల మీద రాసిన పుస్తకం పడమటి రాష్ట్రాల చరిత్ర అని 978లోనూ, ఓక్లహామా చరిత్ర అని 976.6లోనూ, బ్యాంకులు మూతపడిన కథ ఆర్థిక విషయం అని 330లోనూ ఉండవచ్చు. మీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని మరో ఊరి లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు. రిఫరెన్స్ డెస్క్ దగ్గర కూర్చున్నవారిని అడగడానికి సంకోచించకండి. ఏట్లో తడి ఎక్కడుందో రోజూ నడిచేవారికే తెలుస్తుంది.

ఇక సొంత చెలమ సంగతి. ఇక్కడ ఒక మెలకువ చెబుతాను, శ్రద్ధగా వినండి. "రెండు యుద్ధాల మధ్య" అనే మాట మనది. 1925లో ఓక్లహామాలో గోధుమలు కోసుకుంటున్న రైతుకు తాను రెండు యుద్ధాల మధ్య బతుకుతున్నానని తెలియదు. జరిగిపోయిన యుద్ధానికి మొదటిది అనే లెక్క కూడా అతనికి లేదు, రెండోది ఇంకా రాలేదు కదా. కాబట్టి పాత పత్రికలలో మన కాలపు మాటలతో వెతికితే ఇసుకే దొరుకుతుంది. అప్పటివారు అన్న మాటతోనే వెతకాలి. ఆ దుమ్ము తుఫానుల నేలకు పడిన "డస్ట్ బౌల్" అనే పేరునే తీసుకోండి. 1935 ఏప్రిల్ 14న, ఆదివారం నాడు, మధ్యాహ్నాన్ని రాత్రి చేసిన నల్లటి తుఫాను వచ్చింది. ఆ మర్నాటి వార్తలో ఒక విలేఖరి వాడిన మాటల నుంచే ఆ పేరు నిలిచింది. 1933, 1934 సంవత్సరాల పత్రికలలో మీరు ఆ పేరుతో వెతికితే ఏమీ కనిపించదు. "డస్ట్ స్టార్మ్" అనో, "బ్లాక్ బ్లిజర్డ్" అనో వెతకండి, ఊట తగులుతుంది. కేటలాగులో మాత్రం గ్రంథాలయాలవారు ఎంచుకున్న మాటలు వేరుగా ఉంటాయి. ఆ రోజుల ఆర్థిక మాంద్యం మీది పుస్తకాలకు "డిప్రెషన్స్, 1929" అనే శీర్షిక పెట్టేవారు. ఒక మంచి పుస్తకం దొరికితే దాని కేటలాగు పేజీలో ఉన్న శీర్షికను నొక్కండి, అదే కోవలోని మిగతావి వరుసగా వస్తాయి.

పత్రికలకైతే మీరు దూరం పోనక్కరలేదు. అమెరికా ప్రభుత్వపు పెద్ద గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి "క్రానిక్లింగ్ అమెరికా" వెబ్‌సైటులో పాత పత్రికల పేజీలు ఉచితంగా చూడవచ్చు. మీ రాష్ట్రపు పత్రికలను ఓక్లహామా హిస్టారికల్ సొసైటీ వారు "గేట్‌వే టు ఓక్లహామా హిస్టరీ" అనే పేరుతో ఉచితంగానే ఉంచారు. మీకు కావలసిన వార్తనే కాక, దాని చుట్టూ ఉన్న ప్రకటనలను, ధరలను, పోయిన ఆవు గురించి వేసిన నాలుగు పంక్తులను కూడా చదవండి.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్న ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత పత్రిక కాగితం ఒకటి దొరికింది. నేను పుట్టిన ఏడాదిది. ఆ ఏడు చినుకన్నది రాలలేదని అవ్వ వందసార్లు చెప్పింది. కాగితంలో మాత్రం పెన్న పొంగి రోడ్డు తెగిపోయిందని ఉంది. అవ్వ అబద్ధం చెప్పిందేమోనని నాకు ఏడుపు వచ్చింది. కాగితం తీసుకుని ఆమె దగ్గరికే వెళ్ళాను. తేదీ ఏమిటో చదవమంది. చదివాను. "అప్పటికి చేను ఎండిపోయి రెండు నెలలయింది, ఆ వాన ఎవరికి కావాలి?" అంది. పత్రిక నిజమే చెప్పింది, అవ్వా నిజమే చెప్పింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేదీ చూసి ఇంకోసారి అడగబట్టి నాకు ఆ ఏడాది మొత్తం తెలిసింది. బురద నీటిని తోడడమంటే అదే.

తోడడం ఫొటోలకూ అవసరమే. ఆ రోజులలో ప్రభుత్వం, ముందు రీసెటిల్మెంట్ అడ్మినిస్ట్రేషన్ పేరుతో, 1937 నుంచి ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ పేరుతో, ఫొటోగ్రాఫర్లను దేశమంతటా తిప్పింది. వాళ్ళు తీసినవి సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగెటివ్‌లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటిలో 1936 ఏప్రిల్‌లో ఆర్థర్ రోత్‌స్టీన్ మీ రాష్ట్రంలోని సిమరాన్ కౌంటీలో తీసిన బొమ్మ ఒకటి ఉంది. ఇసుకలో సగం కూరుకుపోయిన చిన్న పాక, దాని వైపు వంగి నడుస్తున్న తండ్రి, ఇద్దరు కొడుకులు. ఒక పిల్లవాడు తండ్రికి దగ్గరగా ఉన్నాడు, చిన్నవాడు వెనకబడి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని వస్తున్నాడు. కంచె గుంజల మొదళ్ళను ఇసుక మింగేసింది. ఆ బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా ఊళ్ళో గాలిదుమారం రేగిన రోజున నేనూ అవ్వ వెనకాల అలాగే నడిచాను.

అదే సంవత్సరం మేలో అదే ఫొటోగ్రాఫర్ సౌత్ డకోటాలో ఒక పశువు పుర్రెను ఫొటో తీశాడు. వెలుగునీడల కోసం పుర్రెను కొన్ని అడుగులు జరిపి కూడా తీశాడు. అది పత్రికలవారికి తెలిసి పెద్ద గొడవ అయింది. కరవు నిజం. పుర్రె నిజం. దాన్ని పెట్టిన చోటు మాత్రం మనిషి ఎంచుకున్నది. ఈ సంగతి ఒక్క బొమ్మ చూస్తే తెలియదు, ఆ పుర్రెవే మిగతా ఫొటోలను కూడా వెతికి చూస్తే తెలుస్తుంది. అందుకే మీకు ఒక బొమ్మ నచ్చగానే దానికి ముందూ వెనకా ఏవి ఉన్నాయో చూడండి. కొన్ని బొమ్మల మధ్యలో గుండ్రటి నల్లటి చుక్క కనిపిస్తుంది. ఆ పని నడిపించిన రాయ్ స్ట్రైకర్ వద్దనుకున్న నెగెటివ్‌లకు రంధ్రం పొడిచిన గుర్తు అది. ఒకరు వద్దనుకున్న దాన్ని కూడా గ్రంథాలయం దాచి మన దాకా తెచ్చింది. నన్ను అడిగితే ఆ రంధ్రాల బొమ్మలే ముందు చూడమంటాను.

మాటలు కూడా దాచారు. ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ అని, పని లేని రచయితలకు కూలి ఇచ్చి జనం దగ్గరికి పంపించారు. వాళ్ళు రాసుకొచ్చిన సామాన్యుల జీవిత కథలు సుమారు 2,900 లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనే ఉన్నాయి. బాల్యంలో బానిసలుగా బతికిన ముసలివాళ్ళు చెప్పుకున్న కథలు 2,300కు పైగా ఉన్నాయి. అవి చదివేటప్పుడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. అడిగినవారు ఎవరు, చెప్పినవారు ఎవరిని చూసి భయపడి ఉంటారు అన్నది కూడా ఆలోచించండి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలను 72 ఏళ్ళు తాళం వేసి ఉంచి, తర్వాత అందరికీ చూపిస్తారు. 1930 లెక్కల కాగితాలు 2002లో బయటికి వచ్చాయి. ఆ ఏడు ఇంటింటికీ వెళ్ళినవారు మీ ఇంట్లో రేడియో ఉందా అని కూడా అడిగి, ఉంటే ఒక గడిలో ఆర్ అనే అక్షరం వేశారు. మీ కౌంటీ కాగితాలు తెరవండి, చాలా లైబ్రరీలలో రుసుము లేకుండానే చూపిస్తారు. చేతిరాత మొదట అర్థం కాదు, తోడుతూ ఉండండి. ఒక వీధి తీసుకుని, వరుసగా ఏ ఇంట ఆర్ ఉందో, ఏ ఇంట గడి ఖాళీగా ఉందో, గడి ఖాళీగా ఉన్న ఇంటి పెద్ద ఏ పని చేసేవాడో, పిల్లలు ఎందరో రాసుకుని వచ్చే ఆదివారం నాకు చదివి వినిపించండి.

ప్రేమతో,
మీ తాతయ్య