అచ్చు బొమ్మకు చేతి రంగు

చిరంజీవులకు ఆశీస్సులు.

జంతువుల పాత అచ్చు బొమ్మలకు చేత్తో రంగులు వేసేవారంటే మీరు నమ్మలేదు. అచ్చు వేశాక మళ్లీ కుంచెతో పనేమిటని అడిగారు. సబబైన ప్రశ్నే.

జాన్ జేమ్స్ ఆడుబాన్ పక్షుల బొమ్మలతో పేరు మోశాక, ఉత్తర అమెరికా క్షీరదాల పని పెట్టుకున్నాడు. 1845–48 మధ్య 150 పెద్ద బొమ్మలు వెలువడ్డాయి. ఒక్కో కాగితం రెండడుగులకు పైనే. ఫిలడెల్ఫియాలోని బోవెన్ అచ్చుకూటంలో వాటిని రాతి మీద నుంచి తీశారు. నున్నటి సున్నపురాతి పలక మీద జిడ్డు బలపంతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి సిరా పూస్తే, తడి ఉన్నచోట అంటదు, జిడ్డు గీతలకే పడుతుంది. కాగితం వేసి నొక్కితే బొమ్మ దిగుతుంది, రంగులు మాత్రం ఉండవు. వాటిని ఒక నమూనా చూస్తూ ప్రతి కాగితం మీదా మనుషులే అద్దేవారు. అందుకే ఒకే నక్క రెండు ప్రతుల్లో అచ్చంగా ఒకేలా ఉండదు.

భూతద్దం తీయండి. ఇప్పటి పుస్తకంలోని బొమ్మ రంగు చుక్కలుగా విడిపోతుంది. పాతదానిలో చుక్కలుండవు, బలపం గరుకు, దాని మీద పలచటి నీటిరంగు, ఎక్కడో చెవి అంచు దాటి పాకిన గోధుమ మరక కనిపిస్తాయి. కళ్లకు మెరుపు రావడానికి తుమ్మజాతి చెట్ల బంక పూసేవారు. కాగితాన్ని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే అది తళుక్కుమంటుంది.

పేరంతా ఆడుబాన్‌దే. కానీ అతని చూపు మందగించాక సుమారు సగం బొమ్మలు కొడుకు జాన్ వుడ్‌హౌస్ వేశాడు. వెనుక దృశ్యాల్లో చాలావరకు మరో కొడుకు విక్టర్ చేతివి. వివరణలు రాసింది చార్లెస్టన్ మతబోధకుడు జాన్ బాక్‌మన్. రంగులద్దినవారి పేర్లు మాత్రం బొమ్మ కింద ఎక్కడా ఉండవు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బొమ్మ కింద ‘ప్రకృతిని చూసి గీసినది’ అని ఉంటుంది. దాన్ని పూర్తిగా నమ్మకండి. 1843లో ఆడుబాన్ మిస్సోరీ నది వెంట వెళ్లి జంతువులను చూసిన మాట నిజమే, చాలావాటిని తుపాకీతో కాల్పించిన మాటా నిజమే. కొన్ని బొమ్మలకు ఎవరో పంపిన తోలే ఆధారం. ముంగిసలా పొడవాటి ఒళ్లున్న చిన్న వేటజంతువు, నల్లపాదాల ఫెరెట్ అలాంటిదే. 1851లో దాన్ని వర్ణిస్తే, మరో నమూనా దొరక్క, అసలు అలాంటి జంతువుందా అని పండితులు ఏళ్ల తరబడి సందేహించారు. తర్వాత దొరికింది, మళ్లీ కనుమరుగైంది. ఇక లేదనుకున్నాక, 1981లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఒక పశువుల క్షేత్రంలోని కుక్క ఒకదాన్ని చంపి ఇంటికి మోసుకొచ్చింది. ఆ చుట్టుపక్కల వెతికితే బతికున్నవీ దొరికాయి.

మీ
తాతయ్య