రమ్ము లేకపోతే ఫ్రూట్ కేక్ కాదా? క్రిస్మస్ కేక్ గురించి అపోహలు, అసలు సంగతులు

డిసెంబర్ వచ్చిందంటే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే: "అక్కా, పళ్లు నానబెట్టలేదు, ఇక ఈ ఏడాదికి కేక్ లేనట్టేనా?" గుంటూరులో మా ఇంట్లోనే కేకులు చేసి ఇస్తున్నాను, 12 ఏళ్లయింది. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఈ భయంతోనే కేక్ మానేసి బేకరీకి వెళ్లిపోతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే తరచూ వినే మాటలు తీసుకుని ఒక్కొక్కదానికి జవాబు రాస్తున్నాను.

అపోహ: పళ్లు నెలల తరబడి నానాల్సిందే.

అసలు ఎందుకు నానబెడతామో తెలిస్తే ఈ టెన్షన్ ఉండదు. ఎండు కిస్మిస్‌ని అలాగే పిండిలో వేస్తే అది పిండిలోని తేమ పీల్చుకుంటుంది, కేకేమో పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి పండు కడుపు ముందే నింపాలి, అంతే. పెద్ద హోటళ్లలో అక్టోబర్, నవంబర్‌లలోనే పళ్లు కలిపి రమ్ములో వేసి పెడతారు, దానివల్ల రుచి బాగా కలుస్తుంది, కాదనను. కానీ ఇంట్లో 400 గ్రాముల ఎండు పళ్లకి (కిస్మిస్, నల్ల ద్రాక్ష, ఖర్జూరం, అంజీర్, టూటీ ఫ్రూటీ) 150 మిల్లీలీటర్ల నారింజ రసం పోసి, సన్న సెగ మీద ఐదారు నిమిషాలు ఉడకనిచ్చి, మూత పెట్టి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయండి. పొద్దున్నకి ఒక్కో కిస్మిస్ ఉబ్బి ఉంటుంది. నారింజ తొక్క పైపైన తురిమి అందులోనే వేయండి, తెల్లటి పొర మాత్రం రాకూడదు, చేదు.

జీడిపప్పు, బాదం మాత్రం నానబెట్టకండి. పలాస నుంచి తెప్పించిన మంచి జీడిపప్పు రసంలో నాని మెత్తబడిపోతే ఏం లాభం? దోరగా వేయించి చివర్లో కలపండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. రమ్ములో నానిన పళ్లు బయట ఉన్నా పాడవ్వవు, మన దగ్గర దొరికే రమ్ములో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి. పళ్ల రసానికి ఆ రక్షణ లేదు. మొదట్లో నాకిది తెలియక ద్రాక్ష రసంలో నానబెట్టిన సీసా పది రోజులు అల్మరాలో పెట్టాను, మూత తీయగానే బుస్సుమని గ్యాస్, పుల్లటి వాసన. రెండు కిలోల పళ్లు పారబోశాను. రసంలో నానేవి ఫ్రిజ్‌లోనే ఉండాలి, మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

అపోహ: రమ్ము వేసినా ఓవెన్‌లో అంతా ఆవిరైపోతుంది, పిల్లలకి కూడా పెట్టొచ్చు.

ఈ మాట మాత్రం నమ్మకండి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం ఆల్కహాల్ కలిపిన పదార్థం గంటసేపు ఉడికినా, కాలినా వేసినదాంట్లో దాదాపు 25 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది, గంటన్నరకి 20 శాతం, రెండున్నర గంటలకి కూడా 5 శాతం. కాలిన తర్వాత కేక్ మీద చెంచాలతో పోసే రమ్ము సంగతి వేరే చెప్పాలా, అది అసలు వేడినే చూడదు, మొత్తం అందులోనే ఉంటుంది.

మా వీధిలో క్రిస్మస్‌కి కేక్ ముక్క ఇంటింటికీ పంచుతారు. గర్భిణులు తింటారు, మందు మానేయడానికి చికిత్స తీసుకుంటున్నవాళ్లు ఉంటారు, జీవితంలో మందు ముట్టని పెద్దవాళ్లుంటారు. "ఇందులో మందు వేశావా అమ్మా?" అని మా వాడలో ఒక పెద్దావిడ ప్రతి ఏడాదీ అడుగుతారు, ఆవిడకి నేను చెప్పే జవాబు నూటికి నూరు శాతం నిజమై ఉండాలి. అందుకే రమ్ము వేసినవి, వేయనివి, రెండు రకాలకీ గిన్నెలు వేరు, సీసాలు వేరు, డబ్బా మీద చీటీ వేరు. మీరు ఇంట్లో చేసి పంచుతున్నా సరే, రమ్ము ఉంటే ఉందని చెప్పి ఇవ్వండి.

రమ్ము లేకపోతే అసలైన క్రిస్మస్ కేక్ కాదనే వాళ్లకి తలస్సేరి కథ చెప్తాను. 1883లో కేరళలోని తలస్సేరిలో మంబళ్లి బాపు అనే బేకరీ యజమాని, మర్డోక్ బ్రౌన్ అనే తెల్లదొర ఇంగ్లండ్ నుంచి తెచ్చిన కేక్ రుచి చూసి అలాంటిదే చేశాడు, మన దేశంలో మొదటి క్రిస్మస్ కేక్ అదేనంటారు. దొర బ్రాందీ వేయమంటే బాపు అక్కడ దొరికే జీడిమామిడి పండు, అరటిపండుతో కాచిన సారా వేశాడని చెప్పుకుంటారు. అంటే మన దేశపు కేక్ మొదటి రోజునుంచే ఊళ్లో దొరికినదానితో అయింది. మనకి నారింజలు ఉన్నాయి, చాలు.

అపోహ: ఆ ముదురు రంగు కోకో పౌడర్‌తో వస్తుంది.

కోకో వేస్తే అది చాక్లెట్ కేక్ అవుతుంది, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి వాసనలన్నీ దాని కింద అణిగిపోతాయి. రంగు రావాల్సింది మాడ్చిన పంచదార పాకంతో. మందపాటి గిన్నెలో 100 గ్రాముల పంచదార, రెండు చెంచాల నీళ్లు వేసి స్టవ్ మీద పెట్టండి. తేనె రంగు వచ్చాక చాలామంది భయపడి దించేస్తారు, అప్పుడు తీపి తప్ప రంగు రాదు. చిక్కటి టీ డికాషన్ రంగు వచ్చి, సన్నగా మొదటి పొగ లేవగానే స్టవ్ ఆపి 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. చాలా గట్టిగా చిటపటమంటుంది, దూరంగా నిలబడండి, పిల్లల్ని వంటింట్లోంచి పంపేయండి, ఆ పాకం చుక్క పడితే మరిగే నీళ్ల కన్నా ఘోరంగా కాలుతుంది. నల్లబడి పొగ కమ్మేస్తే మాత్రం పారేసి మళ్లీ మొదలుపెట్టండి, ఆ చేదు దేనితోనూ పోదు. పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి, లేదంటే వెన్న కరిగిపోతుంది.

అపోహ: పళ్లకి మైదా అద్దితే అడుక్కి దిగవు.

కొంచెం ఉపయోగం ఉందేమో కానీ అసలు విషయం పిండి చిక్కదనం. వెన్న, పంచదార, మైదా తలా 150 గ్రాములు, మూడు గుడ్లు, ఇదీ నా లెక్క. గరిటెతో తీస్తే పిండి జారకుండా ముద్దగా పడాలి. పళ్లు నానాక జల్లెడలో వేసి తడి పూర్తిగా ఓడ్చండి, ఖర్జూరం, అంజీర్ కిస్మిస్ అంత ముక్కలుగా కోయండి. బేకింగ్ పౌడర్ అర చెంచా చాలు, ఇది స్పాంజ్ కేక్ కాదు.

కాల్చడంలో తొందర పనికిరాదు. 180 డిగ్రీల మీద పెడితే అంచులు మాడతాయి, మధ్యలో పచ్చిగా ఉంటుంది. 7 అంగుళాల టిన్నుకి లోపల రెండు పొరల బేకింగ్ పేపర్ వేసి, 150 డిగ్రీల మీద గంటంబావు నుంచి గంటన్నర. పైభాగం ముందే ఎర్రబడితే మీద ఒక కాగితం కప్పండి. పుల్ల గుచ్చి చూసేటప్పుడు రెండు మూడు చోట్ల గుచ్చండి, కిస్మిస్‌కి తగిలి జిగురు అంటినా పచ్చిగా ఉందనుకుంటారు. ఓవెన్ లేదా, మందపాటి అడుగున్న పెద్ద గిన్నెలో స్టాండ్ పెట్టి, మూత బిగించి, సన్న సెగ మీద చేయండి, బాగానే వస్తుంది. ప్రెషర్ కుక్కర్‌ని నీళ్లు లేకుండా అంతసేపు వేడి చేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ప్లమ్ కేక్ అంటారు కదా, ప్లమ్ పళ్లు ఏవని అడిగేవాళ్లూ ఉన్నారు. పాత ఇంగ్లిష్‌లో ఎండు ద్రాక్షని కూడా ప్లమ్ అనేవాళ్లు, ఆ పేరే నిలిచిపోయింది, ఇంకేం లేదు.

వేడి మీద కోయకండి, రాలిపోతుంది. మర్నాడు కోయొచ్చు, మూడో రోజుకి మసాలా వాసన ఇంకా బాగా పడుతుంది. బస్సులో పార్సిల్ వేసేవాళ్లు పూర్తిగా చల్లారాకే ముందు బేకింగ్ పేపర్, దాని మీద ఫాయిల్ చుట్టండి, పళ్ల పులుపు ఫాయిల్‌కి నేరుగా తగలకూడదు. రమ్ము లేని కేక్ అయితే చేరగానే ఫ్రిజ్‌లో పెట్టమని, వారంలో తినేయమని ఫోన్ చేసి మరీ చెప్పండి.