ట్రాక్ మీద ఇంజిన్ వేడెక్కితే: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో రేస్ ట్రాక్ లేదు. అయినా ట్రాక్ మీద మరిగిపోయిన కార్లు మా షెడ్డుకి వస్తూనే ఉంటాయి. ఇక్కడి కుర్రాళ్ళు టర్బో పెట్రోల్ కార్లు కొని, ముచ్చటగా మార్పులు చేయించుకుని, 800 కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తారు. 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తుంది. ఇంటికి చేరేలోపు తలా ఒక సలహా ఇస్తారు. చివరికి “కొత్త రేడియేటర్ ఏసినా అలాగే మరుగుతంది, ఏటన్నా ఇది?” అంటూ నా దగ్గరికొస్తారు. కష్టపడి దాచుకున్న డబ్బు అక్కర్లేని పార్టుల మీద పోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: ఎక్కడ వేడెక్కినా ఒకటే, రేడియేటర్ పోయినట్టే.

వాస్తవం: బానెట్ ఎత్తే ముందు నేను అడిగేది ఒక్కటే, ఎప్పుడు వేడెక్కింది? గంట స్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంజిన్ మీద లోడు ఉండదు, రేడియేటర్‌కి గాలీ ఉండదు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే లోడు ఎక్కువ, గాలి తక్కువ. ట్రాక్ మీద రెండూ ఎక్కువే. ఈ మూడింట్లో ఎక్కడ వేడెక్కింది, ఎక్కడ బాగుంది అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే చల్లబడితే ఫ్యాన్, రిలే, ఫ్యూజు చూడాలి. ట్రాఫిక్‌లో చక్కగా ఉండి ట్రాక్ మీదే వేడెక్కే బండికి పెద్ద ఫ్యాన్ పెట్టి లాభం లేదు. 60 వేగం దాటాక పని చేసేది ముందు నుంచి తోసుకొచ్చే గాలే. అప్పుడు చూడాల్సినవి వేరు. రేడియేటర్ లోపలి గొట్టాలు పూడుకుపోయాయా, పంపు సరిగ్గా తోస్తోందా, హై ఆర్పీఎమ్‌లో కింది హోసు లోపలికి నొక్కుకుపోతోందా?

నాకు అన్నిటికంటే ఎక్కువగా కనబడేది ఇంకోటి. బంపర్ మార్చినప్పుడు రేడియేటర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ పలకలు, ఫోమ్ పట్టీలు “ఇవెందుకులే” అని పారేస్తారు. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది. రేడియేటర్ గుండా దూరాల్సిన గాలి పక్కల నుంచి జారిపోతుంది. ఆ సందులు మూస్తే చాలు, తేడా మొదటి ల్యాపుల్లోనే తెలుస్తుంది.

ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు కూడా చూడండి. నూర్పుల కాలంలో ఊక దుమ్ము, నెల్లిమర్ల వైపు తిరిగే బండ్లకి నార పీచు, వీటికి తోడు పురుగులు అక్కడ చేరి అట్టకడతాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనబడదు. వెనక నుంచి టార్చి వేస్తే తెలుస్తుంది. ఇంజిన్ వైపు నుంచి మెల్లగా నీళ్ళు కొట్టాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

అపోహ: ముల్లు మధ్యలో ఉంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: ఇప్పటి చాలా కార్లలో కూలెంట్ (ఇంజిన్‌లో తిరుగుతూ వేడిని లాగే ద్రవం) 80 డిగ్రీలున్నా, 100 ఉన్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీయే పెడుతుంది. అది కదిలేసరికి ఆలస్యం అయిపోతుంది. ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) పెట్టి అసలు అంకె చూడండి. ఆయిల్ వేడి ఇంకా ముఖ్యం. కూలెంట్ 100 దగ్గర నిలకడగా ఉన్నా ట్రాక్ మీద ఆయిల్ 130 దాటొచ్చు, పలచబడి ప్రెషర్ పడిపోవచ్చు. ఆయిల్ సెన్సర్ లేని కారుకి ఒకటి బిగించుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

ఒక హెచ్చరిక. మరుగుతున్న బండిలో ముల్లు ఉన్నట్టుండి కిందికి దిగితే సంతోషించకండి. కూలెంట్ కారిపోయి సెన్సర్ ఖాళీలో ఉండిపోయిందేమో. వెంటనే ఇంజిన్ ఆపేయండి.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే చల్లగా ఉంటుంది.

వాస్తవం: థర్మోస్టాట్ అంటే కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్ వైపు దారి తెరిచే వాల్వు. చాలా ఇంజిన్లలో అది తెరుచుకున్నప్పుడే, రేడియేటర్‌ని తప్పించుకుని పోయే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. అనుమానం ఉంటే విప్పి, వేడినీళ్ళలో థర్మామీటర్‌తో పాటు వేసి, దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందో లేదో చూడండి.

అపోహ: కూలెంట్ ఎంత చిక్కగా పోస్తే అంత మంచిది.

వాస్తవం: కూలెంట్‌లో నీళ్ళతో కలిపే గ్లైకాల్ మోసే వేడి, నీళ్ళు మోసేదానిలో దాదాపు 60 శాతమే. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు. కంపెనీ చెప్పిన కనీస పాళ్ళకు తగ్గకుండా కలిపితే చాలు. కానీ డిస్టిల్డ్ వాటరే వాడండి. బోరునీళ్ళ ఉప్పు రేడియేటర్‌లో పేరుకుపోతుంది. రేడియేటర్ మూత కూడా పట్టించుకోండి. లోపల ప్రెషర్ నిలబడితేనే మరిగే డిగ్రీ 120 దాటుతుంది, మూత వాచరు పోతే అంతకంటే ముందే మరిగిపోతుంది.

అపోహ: తెల్ల పొగ లేదు, ఆయిల్ పాలలా మారలేదు, కాబట్టి హెడ్ గ్యాస్కెట్ బాగుంది.

వాస్తవం: హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు. బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) పెంచిన ఇంజిన్లలో ఇదే అందరినీ మోసం చేస్తుంది. ఐడిల్‌లో గ్యాస్కెట్ చక్కగా పట్టుకుంటుంది. పూర్తి లోడులో సిలిండర్ ప్రెషర్‌కి హెడ్ వెంట్రుకవాసి లేచి, మండిన గ్యాసు కూలెంట్‌లోకి దూరుతుంది. ఆ గ్యాసు కూలెంట్‌ని డబ్బాలోకి తోసేస్తుంది, ఇంజిన్‌లో ఖాళీ ఏర్పడుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోసు రాయిలా గట్టిపడితే గ్యాస్కెట్‌ని అనుమానించాలి. నీలం ద్రవం టెస్టర్ పెడితే గ్యాసు తగిలి పసుపు రంగుకి మారుతుంది. కానీ ఆ టెస్టు షెడ్డులో ఐడిల్ మీద కాకుండా, బండిని లోడు మీద నడిపి వచ్చి, మూత తీయగలిగేంత చల్లారాక చేయాలి. తేలకపోతే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, రేడియేటర్ మూతి దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్‌లో చేయించిన మార్పులు) గురించి కూడా నిజం చెప్పండి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్‌కి రాసిన మ్యాప్ పెట్టుకుని, దారిలో దొరికిన తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే ఇంజిన్ నాక్ అవుతుంది, అంటే పెట్రోల్ అదుపు తప్పి మండుతుంది. అప్పుడు పుట్టే వేడికి ఏ రేడియేటరూ చాలదు.

ట్రాక్ దిగే ముందు ఒక ల్యాపు నెమ్మదిగా తిప్పండి. పిట్‌లోకి వచ్చాక బానెట్ ఎత్తి, టర్బో చల్లబడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయకండి. నా దగ్గరికి వచ్చేటప్పుడు పార్టుల బిల్లుల బదులు ఓబీడీలో రికార్డయిన ల్యాపు అంకెలు పట్టుకురండి.